ఆ నిర్ణయం ఎవరిది?

బ్రిడ్జిలో ఎక్కువ పాయింట్లు పోయేది ముక్క బల్ల మీద పడకముందే. మా క్లబ్బులో ఆట తెలిసినవాళ్లకు కొదవలేదు. తురుఫులు ఎప్పుడు లాగాలో, ఫినెస్ ఎటువైపు తీయాలో చాలామందికి కొట్టినపిండి. బిడ్డింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే మనుషులు తడబడతారు. కన్వెన్షన్లు రాక కాదు. పార్ట్‌నర్ తేల్చాల్సిన విషయాన్ని తామే తేల్చేస్తారు. అదీ చిక్కు.

పేకాటలో అదృష్టం పాలెంత అన్న ప్రశ్న మన దగ్గర కోర్టుకెక్కింది కూడా. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన రమ్మీ కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెబుతూ, రమ్మీలో ఉండే అదృష్టం బ్రిడ్జిలో ముక్కల పంపకంలో ఉండే అదృష్టంలాంటిదేనని పోల్చింది. క్లబ్బుల్లో ఆడే డూప్లికేట్ పద్ధతి ఆ కాస్త అదృష్టాన్నీ చాలావరకు తీసేస్తుంది. పంచిన నాలుగు చేతుల్నీ బోర్డులో పెట్టి బల్లబల్లకూ తిప్పుతారు. మీకు వచ్చిన 13 ముక్కలే అవతలి బల్ల మీద మీ దిక్కున కూర్చున్నవాడికీ వస్తాయి. ‘ఇవాళ ముక్కలు పడలేదండీ’ అనే సాకు అక్కడ చెల్లదు. తేడా వచ్చేదల్లా మనం తీసుకున్న నిర్ణయాల్లోనే.

అందులోనూ బిడ్డింగ్‌కు ఇంత బరువు రావడానికి హెరాల్డ్ వాండర్‌బిల్ట్ కారణం. 1925లో ఓడ ప్రయాణంలో ఆయన తయారుచేసిన స్కోరు పద్ధతిలో, చేస్తామని ముందే చెప్పిన ట్రిక్కులకే గేమ్ బోనస్. పది ట్రిక్కులు చేసినా టూ స్పేడ్స్ దగ్గర ఆగిపోయి ఉంటే 170. ఫోర్ స్పేడ్స్ అని అవే పది చేస్తే 420, వల్నరబుల్ అయితే 620. చేయగలమని తెలుసుకోవడానికి మనకున్న మాటలు 35 బిడ్లు, వాటికి తోడు పాస్, డబుల్, రీడబుల్. మొత్తం 38. చేతికి రాగల 13 ముక్కల కూర్పులేమో 63,501 కోట్ల పైచిలుకు. ఇంత తక్కువ మాటలతో ఇద్దరూ తమ చేతుల్ని పూర్తిగా వర్ణించుకోవడం జరిగే పని కాదు. అందుకే ఒకరు చెబుతారు, మరొకరు తేలుస్తారు.

వన్ నో ట్రంప్ తీసుకోండి. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కవేసి, 15 నుంచి 17 పాయింట్లతో, సమంగా పరచుకున్న చేతితో దాన్ని తెరుస్తాం. ఆ ఒక్క మాటతో ఓపెనర్ తన చేతిని దాదాపు మొత్తం చెప్పేసినట్టే. ఎదురుగా పది పాయింట్లున్నాయనుకుంటే, మొత్తం కనీసం 25 అని తెలిసేది రెస్పాండర్‌కే. కాబట్టి త్రీ నో ట్రంప్ అనాల్సింది అతనే. ఎనిమిదో తొమ్మిదో ఉంటే టూ నో ట్రంప్ అని ఆహ్వానిస్తాడు, అప్పుడు ప్రశ్న మళ్లీ ఓపెనర్ దగ్గరికి వస్తుంది. ఇంతవరకు అందరికీ వచ్చు. ప్రత్యర్థులు మధ్యలో దూరగానే ఈ పద్ధతంతా గాలికి పోతుంది.

మీ చేతిలో రాజు, రాణి, జాకీతో ఏడు హార్ట్స్ ఉన్నాయి, బయట చెప్పుకోదగ్గదేమీ లేదు. త్రీ హార్ట్స్ అని తెరిచారు. ఎడమవైపు వ్యక్తి త్రీ స్పేడ్స్ అన్నాడు. మీ పార్ట్‌నర్ పాస్. కుడివైపు నుంచి ఫోర్ స్పేడ్స్. ఇప్పుడు చాలామంది చెయ్యి ఫైవ్ హార్ట్స్ కార్డు మీదికి పోతుంది. ఏడు ముక్కలున్నాయి కదా అంటారు. ఆ ఏడింటి సంగతి త్రీ హార్ట్స్‌తోనే చెప్పేశారు. చెప్పాల్సింది ఇంకేం లేదు. అవతల పార్ట్‌నర్ బహుశా నాలుగు మంచి స్పేడ్స్, ఒక ఆసు పట్టుకుని, త్రీ స్పేడ్స్ అన్నవాడి వెనకే కూర్చుని ఉన్నాడు. మీరు పాస్ అంటే చివరికి మాట అతని దగ్గరికే వెళుతుంది. కావాలంటే డబుల్ చేస్తాడు. మీరు ఫైవ్ హార్ట్స్ అన్నారా, ఆ అవకాశం పోయినట్టే. డబుల్‌లో మూడు ట్రిక్కులు తగ్గితే, వల్నరబుల్ కాకపోయినా, 500 సమర్పించుకుంటారు. ఊరుకుని ఉంటే ప్లస్ 50 మీదే.

దీనికి క్లబ్బులో వినిపించే జవాబు ఒకటే: “ఆయనకు వదిలేస్తే ఏం చేస్తాడో మీకు తెలీదా మాస్టారూ?” ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. క్లబ్బు పార్ట్‌నర్లు ఛాంపియన్లు కారు. అయినా నా అభిప్రాయం మారదు. ఆ క్షణంలో అతనికి మీ చేయి తెలుసు, మీకు అతని చేయి తెలీదు. ఆటలో మీరు రెండాకులు ఎక్కువే చదివి ఉండొచ్చు, కానీ కళ్లముందు లేని ముక్కల గురించి మీ ప్రతిభ చేసేదేముంది? పైగా ఇద్దరూ ఉప్పేసే ఇంట్లో పులుసు ఎప్పటికీ కుదరదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల పెయిర్స్ స్వర్ణం గెలిచిన ప్రణబ్ బర్ధన్‌కు అప్పుడు 60 ఏళ్లు, శిబ్‌నాథ్ సర్కార్‌కు 56. ఎన్నో ఏళ్లు కలిసి ఆడిన జంట అది. అలాంటి నమ్మకం నిర్ణయాన్ని అవతలివాడికి వదిలితేనే పెరుగుతుంది, లాక్కుంటే పెరగదు.

ఇలా అంటే ఎప్పుడూ పాస్ చెప్పమని కాదు. వన్ స్పేడ్ అని తెరిచారు, అంటే ఐదు స్పేడ్స్ మాట ఇచ్చారు. పార్ట్‌నర్ టూ స్పేడ్స్ అని మూడు చూపించాడు. ప్రత్యర్థులు త్రీ హార్ట్స్ దాకా వచ్చారు. మీ చేతిలో ఆరో స్పేడ్ ఉంది. ఆ సంగతి బల్ల దగ్గర తెలిసింది మీ ఒక్కరికే, కాబట్టి ఇక్కడ తేల్చాల్సింది మీరే. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ రెనే వెర్న్ 1969లో రాసిన సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది, లారీ కోహెన్ 1992 నాటి పుస్తకంతో అది క్లబ్బులన్నిటికీ పాకింది. రెండు వైపుల తురుఫుల మొత్తం ఎంతో, రెండు వైపులా వచ్చే ట్రిక్కుల మొత్తం సుమారుగా అంత. మీకు తొమ్మిది, వాళ్లకు ఎనిమిది, మొత్తం 17. వాళ్లకు తొమ్మిది ట్రిక్కులొస్తే 140 పోతుంది. మీరు త్రీ స్పేడ్స్ ఆడి ఎనిమిదే చేస్తే పోయేది 50, డబుల్ చేసినా 100. వాళ్లకు ఎనిమిదే వచ్చేట్టయితే మీ తొమ్మిదీ మీకొస్తాయి. కానీ వల్నరబుల్ అయితే డబుల్ దెబ్బకు మైనస్ 200. పార్ట్ స్కోరు బోర్డులో ఆ అంకె దాదాపు అట్టడుగే. అప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఆలోచన అంటే గుర్తొచ్చింది. పార్ట్‌నర్ చాలాసేపు తటపటాయించి పాస్ అన్నాడనుకోండి, ఏదో ఉందని మనకు అర్థమవుతుంది. ఆ అర్థమైనదాన్ని వాడుకోకూడదని బ్రిడ్జి చట్టాల్లో 16వది చెబుతుంది. వాడుకున్నట్టు తేలితే డైరెక్టర్ స్కోరు మార్చేస్తారు. చెప్పుకోవాల్సిందంతా ఆ 38 మాటల్లోనే. నిట్టూర్పులు, కళ్లజోడు సర్దుకోవడాలు లెక్కలోకి రావు.

బోర్డు చెడిందంటే మా దగ్గర ‘ఎందుకలా అన్నావ్?’తో పంచాయితీ మొదలై టీ చల్లారేదాకా సాగుతుంది. దాని బదులు ‘అక్కడ నిర్ణయం ఎవరిది?’ అని అడిగి చూడండి, చాలా తగువులు రెండు నిమిషాల్లో తెగుతాయి. కొన్నిసార్లు జవాబు ‘ప్రత్యర్థులది’ అని కూడా వస్తుంది. అవి బాగా ఆడిన బోర్డులు. వాళ్లకు ఫోర్ హార్ట్స్ ఉందని తెలిసి, మీ పొడుగాటి స్పేడ్స్‌తో నెమ్మదిగా కాక ఒక్కసారే ఫోర్ స్పేడ్స్‌కు ఎక్కారు. ఒకరికొకరు ఏమీ చెప్పుకోకముందే డబులా, ఫైవ్ హార్ట్సా అని వాళ్లు ఊహించుకోవాల్సి వచ్చింది. ఫైవ్ హార్ట్స్ అన్నారు. ఇక మీరు ఫైవ్ స్పేడ్స్ అంటే వాళ్ల నెత్తిన పెట్టిన చిక్కును మళ్లీ మీరే ఎత్తుకున్నట్టు. పాస్ చెప్పండి. వాళ్లు సరిగ్గానే ఊహించి ఉండొచ్చు, అది వాళ్ల గొప్ప. మనం చేయగలిగింది ఆ బోర్డులో అప్పటికే చేసేశాం.