పది పేజీల మెనూ, చల్లారిన సంగటి

తిరుమల దర్శనం ముగించుకుని కారులో బయలుదేరే కుటుంబాలకు ఇష్టమైన చుట్టుదారి ఒకటుంది. అప్పలాయగుంట, నారాయణవనం, నాగలాపురం చూసుకుని, పుత్తూరు దగ్గర పడమటికి తిరిగి, కార్వేటినగరంలో వేణుగోపాలస్వామిని దర్శించుకుని, అటునుంచి చిత్తూరుకో కాణిపాకానికో పోతారు. సారంగపాణి పదాలు కట్టిన ఊరది. స్కంద పుష్కరిణి మెట్ల మీద కాసేపు కూర్చుంటే లేవబుద్ధి కాదు. దారి పొడుగునా కొండలు, మామిడి తోటలు. అయితే మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఆ కారులో అందరి మొహాలూ చిన్నబోతాయి. పార్కింగు విశాలంగా ఉందని పెద్దరోడ్డు పక్కన ఎక్కడో ఆగుతారు. రుచీ పచీ లేని భోజనానికి వందలకు వందలు కట్టి, అర్ధాకలితో తిరిగొచ్చి కూర్చుంటారు.

వంటమనిషి చేతకానితనమే దీనికి కారణమంటే అన్యాయం. పెద్దరోడ్డు హోటలుకు వచ్చినవాడు మళ్లీ వచ్చేది అరుదు. బాగుందన్నా, బాగాలేదన్నా రేపటి గల్లాపెట్టెలో పెద్ద తేడా ఉండదు. రేపు ఇంకో కారు ఆగుతుంది. మండల కేంద్రంలో బస్టాండు దగ్గరి టిఫిన్ కొట్టుకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ తినేది బడి పంతుళ్లు, ఆటో డ్రైవర్లు, ఆఫీసు గుమాస్తాలు. చట్నీ ఒక్కరోజు పాచి వాసన కొడితే మర్నాడు సగం మంది ఎదురు కొట్టుకు పోతారు. పిండి ఏ రోజుది ఆ రోజే అయిపోతుంది. దోసె అడిగాకే పెనం మీద పడుతుంది. కొత్త ఊళ్లో ఆకలేసినవాడు నమ్మదగిన చోటు అదే.

పెద్ద హోటలు మెనూ పుస్తకంలా పది పేజీలుంటుంది. తందూరీ, చైనీస్, మొఘలాయి, పంజాబీ, చివర్లో ఎక్కడో ఆంధ్రా భోజనం. అన్ని వంటలు తాజాగా చేసే వంటిల్లు ఎక్కడా ఉండదు. ఎర్రగడ్డ, టమేటా వేయించి పొద్దున్నే ఒక గ్రేవీ కాచి పెట్టుకుంటారు. పనీరు వేస్తే ఒక పేరు, పుట్టగొడుగులు వేస్తే ఇంకో పేరు. నలుగురు నాలుగు కూరలు చెప్పినా నాలుగింటికీ ఒకటే రుచి రావడం అందుకే.

అంతకంటే బాధ పెట్టేది ‘రాయలసీమ రుచులు’ అని బోర్డు పెట్టి వడ్డించే సంగటి. నూకలు ఉడికి, రాగిపిండి పడి, కట్టెతో ఉండలు లేకుండా కెలికి, తడిచేత్తో ముద్ద చేసిన వెంటనే తినాల్సిన తిండి అది. చల్లారేకొద్దీ అందులోని పిండిపదార్థం బిగుసుకుంటుంది, పైన చెక్కు కడుతుంది. పన్నెండుకు చేసిన ముద్దను మూడింటికి పెడితే ఎంత మంచి నాటుకోడి పులుసు పోసినా లోపలికి ఇంకదు. మొదటిసారి తినే హైదరాబాదు పిల్లవాడు ఒక ముక్క కొరికి పక్కకు నెడతాడు. సంగటి ఇంతేనని జీవితాంతం అనుకుంటాడు. ఒక ప్రాంతం తిండికి ఇంతకంటే పెద్ద నష్టం ఏముంటుంది?

అసలు ఈ సీమ ఇళ్లలో వండేది బయటివాళ్ల కంట పడనే పడదు. చలికాలంలో అనపకాయలు వస్తాయి. గింజలు ఒలిచి, నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య పితికి తోలు తీస్తే పితికిపప్పు. దాంతో పులుసు కాస్తే దోసెలోకి, సంగటిలోకి, అన్నంలోకి దేనికైనా సరిపోతుంది. చిత్తూరు వైపు సంక్రాంతి రోజుల్లో ఆడవాళ్లు గుమ్మాల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటూ గిన్నెల కొద్దీ పితుకుతారు. చెనిగ్గింజల ఊరిమిండి, వంకాయ పుల్లగూర కూడా ఇలాంటివే. ఇవి హోటలు మెనూకెక్కడం అరుదు. పితకడానికి పట్టే కూలి లెక్క వేసుకుంటే పనీరు డబ్బా కొనడమే యజమానికి తేలిక.

దారిలో తిండి బెంగ పాతదే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీకాళహస్తి, తిరుపతి మీదుగానే వెళ్లాడు. వంట ఏర్పాట్లు ఆయన వెంటే నడిచాయి. ఏ మజిలీలో సామాన్లు దొరుకుతాయో, ఎక్కడ దొరకవో కాశీయాత్ర చరిత్రలో రాసుకుంటూ పోయాడు. వెనక వచ్చేవాళ్లకు అది పనికొచ్చే సమాచారం. ఫ్రాన్సులో టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో కార్లవాళ్లకు గైడు పుస్తకం పంచింది. 1926లో మంచి హోటళ్లకు నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఫోనులో ఎవరైనా నక్షత్రాలు ఇవ్వొచ్చు. అయితే పెద్దరోడ్డు హోటలుకు వాటిని ఇచ్చేవాళ్లూ ఒక్కసారి తిని పోయినవాళ్లే. ఏసీకీ, శుభ్రమైన మరుగుదొడ్డికీ పడిన మార్కులు కూరకు పడినట్టు కనిపిస్తాయి.

ఎక్కువమందికి వండితే రుచి పోక తప్పదనే వాదన నిలవదు. తిరుమలలో 1985 ఏప్రిల్ 6న మొదలైన నిత్యాన్నదానం 2011 నుంచి తరిగొండ వెంగమాంబ పేరున్న భవనంలో సాగుతోంది. రోజూ వేలమంది తింటారు. అన్నం, సాంబారు, రసం, మజ్జిగ, చక్కెర పొంగలి, ఇంకా ఒకటి రెండు. వంటకాలు కొన్నే, వండింది వండినట్టే పంక్తిలోకి వస్తుంది. వేడి తగ్గే వ్యవధే ఉండదు.

చట్టం చేసేది కొంత ఉంది. వేపుడు నూనెలో పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. నల్లబడిన నూనె వాసన వస్తే వేపుడు ఐటం చెప్పకపోవడం మేలు. రుచికి మాత్రం ఏ నిబంధనా లేదు.

అందుకే ప్రయాణికుడు అడిగే తీరు మార్చుకోవాలి. పెట్రోలు బంకులో ‘మంచి హోటల్ ఎక్కడ?’ అంటే ఏసీ ఉన్నది చూపిస్తారు. ‘అన్నా, మీరు యాడ తింటారు?’ అనాలి. అప్పుడు సందులో ఉన్న మెస్సు పేరు చెబుతారు. పన్నెండున్నరకు, మొదటి పంక్తికే వెళ్లాలి. ‘ఈపొద్దు ఏం చేసినారు?’ అని అడిగి, చెప్పింది తినాలి.

యజమానులను అడగాల్సిందీ ఒకటుంది. అనపకాయల కాలంలో, కనీసం శని, ఆదివారాలు, ‘ఈరోజు పితికిపప్పు ఉంది’ అని పలక మీద రాయండి. పితకడానికి ఊళ్లోని మహిళా సంఘానికి కూలి ఇవ్వండి, ఆ కూలి ధరలో కలపండి. పనీరు కూరకు మారు మాట్లాడకుండా డబ్బు కట్టే కుటుంబం దీనికీ కడుతుంది. సంక్రాంతి సెలవులకు తిరుపతి వచ్చే కార్లు వేలల్లో ఉంటాయి, అనపకాయ దొరికేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.