బల్బు పెట్టెపై లేని రెండు సంగతులు

నీలికాంతినిచ్చు డయోడును సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమూరా అను ముగ్గురికి 2014 అక్టోబరు 7న భౌతికశాస్త్రములో నోబెల్ బహుమానము ప్రకటింపబడినది. సరిగా అయిదు దినములకు, 12వ తేదీన, హుద్‌హుద్ తుపాను విశాఖపట్నముపై విరుచుకొనిపడి ఊరిని చీకటిలో ముంచినది. తరువాత కొన్ని నెలలలోనే ఆ వీధులలో తొంబది వేలకు పైగా ఎల్.ఇ.డి. దీపములు వెలిగినవి. వాటికి మూలము ఆ నీలి డయోడే. నీలికాంతిలో కొంత భాగమును పసుపుగా మార్చు పూత దానిపై ఉండును. రెండు రంగులును కలిసి కంటికి తెలుపుగా తోచును.

వీధులతోపాటు ఇండ్లును మారినవి. తరువాత ఉజాలా అని పేరొందిన పథకము 2015 జనవరిలో దేశమంతటికి వచ్చినది. 2014లో ప్రభుత్వసంస్థ 310 రూపాయలకు కొనిన బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. ఇది చిన్న ఘనకార్యము కాదు. కాని ఈ ఒరవడి కొనువానికి రెండంకెలనే చూడ నేర్పినది: వాట్లు, రూపాయలు. బల్బు పెట్టెను ఒక పుస్తకము వలె చదివి చూచినచో దాని గుణదోషములు తెలియును. ఎంత కరెంటు తినునో, ఎన్ని ల్యూమెన్ల వెలుగు నిచ్చునో, ఆ వెలుగు రంగు ఎన్ని కెల్విన్లో దానిపై ఉన్నది. ఐ.ఎస్. 16102 మొదటి భాగమను ముద్ర షాకు, నిప్పు మొదలైన ప్రమాదములను గూర్చినది. కంటికి కలుగు శ్రమ గాని, పక్కనున్న రేడియోకు కలుగు అంతరాయము గాని పెట్టెపై కనిపించుట అరుదు. ఈ రెండును ఒక్క చోటనే పుట్టుచున్నవి. ఆ చోటు బల్బు మెడలోని చిన్న పలక.

మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు చేయును. అనగా సెకనుకు 100 మారులు సున్నకు దిగును. పాత బల్బులోని టంగ్‌స్టన్ తీగ అంత త్వరగా చల్లారదు గనుక వెలుగు కొద్దిగా మాత్రమే ఊగును. డయోడుకు అట్టి ఓపిక లేదు. ప్రవాహము ఆగిన క్షణముననే ఆరిపోవును. కనుక విద్యుత్తును చదునుచేసి అందించుటకు ఆ పలక కావలసి వచ్చినది.

పలకలో సామాన్యముగా రెండు విధములు కలవు. చవక రకములో ఒక కెపాసిటరుతో వోల్టేజిని తగ్గించి, ఏకముఖము చేసి, డయోడులకు పంపుదురు. చదునుచేయు కెపాసిటరు చిన్నదైనచో వెలుగు సెకనుకు 100 మారులు లోతుగా మినుకును. రెండవ రకములో ఒక ట్రాన్సిస్టరు సెకనుకు పదివేల నుండి లక్షల పర్యాయములు తెరచి మూయుచు ప్రవాహమును నిలకడగా ఉంచును. ఇందులో మినుకు తక్కువ. కాని అంత వేగముగా మీటలాడునది తానే ఒక చిన్న రేడియో ప్రసారిణి. దాని అనుస్వరములు ఇంటి తీగలనే ఏరియలుగా చేసికొని వ్యాపించును. ఒక తీగచుట్ట, రెండు కెపాసిటర్లు పెట్టిన అడ్డగించవచ్చును. ధర తెగ్గోయునపుడు ముందుగా మాయమగునవి అవే.

మినుకు కంటికి కనబడకపోయినను శరీరమునకు తెలియును. 1989లో ఆర్నాల్డ్ విల్కిన్స్, ఆయన సహచరులు ఇంగ్లండులో ఒక కార్యాలయమందలి ట్యూబులైట్ల మినుకును అధిక పౌనఃపున్యపు చోకులతో తొలగించి చూచిరి. ఉద్యోగుల తలనొప్పి, కన్నుల బడలిక సగమునకు తగ్గినవి. కర్మాగారములలో దీని ప్రమాదము వేరు. మూడు దవడల చక్ గల లేతు నిమిషమునకు 2000 చుట్లు తిరుగునపుడు, సెకనుకు 100 మారులు మినుకు దీపము క్రింద అది నిలిచియున్నట్లు తోచవచ్చును. అందుకే పాత కార్ఖానాలలో పక్కపక్క ట్యూబులను మూడు ఫేజులకు పంచి వేసెడివారు. ఒకటి తగ్గినపుడు మరొకటి వెలుగును. గాజువాక ఆటోనగరు వంటి చోట్ల లేతుపై ఒంటి చవక బల్బు వ్రేలాడదీయువారు ఈ పాత తెలివిని మరువరాదు.

రెండవ దోషము రేవుపట్టణమునకు దగ్గరి సంగతి. ఓడలు పిలుపుకు, ఆపదకు వాడు 16వ చానెలు 156.8 మెగాహెర్ట్జ్ మీద ఉన్నది. ఎల్.ఇ.డి. దీపములు ఈ పట్టీలో గరగర కలిగించి రేడియోను చెవిటిదానిని చేయగలవని అమెరికా తీరరక్షక దళము 2018 ఆగస్టులో హెచ్చరించినది. వారు చెప్పిన పరీక్ష సులభము: దీపములార్పి, నిశ్శబ్దముగానున్న చానెలుపై గరగర అప్పుడే అణగునంత వరకు స్క్వెల్చ్ మీటను త్రిప్పి, దీపము వేయవలెను. గరగర తిరిగి లేచినచో దోషి దీపమే. మరపడవలపై కొత్త దీపములు బిగించువారు దీనిని తప్పక చేయవలెను.

ఇంటిలోనైతే మధ్యతరంగముల రేడియో చాలును. విశాఖ ఆకాశవాణి ఏళ్ళ తరబడి వినిపించిన 927 కిలోహెర్ట్జ్‌కు ప్రక్కన, స్టేషను లేని చోట ముల్లునుంచి, బల్బు దగ్గరకు చేర్చి వినవలెను. మినుకునకు ఆ దీపము క్రింద పెన్సిలును వేగముగా ఊపవలెను. ఒకే మసకగా గాక, విడివిడి పెన్సిళ్ళు వరుసగా కనబడినచో మినుకు లోతైనది. ఫోనులో స్లోమోషను చిత్రము తీసినను తెలియును.

అయితే ఏ ఒక్క పరీక్షను నమ్మినను మోసమే. కెపాసిటరు బల్బు రేడియో పరీక్షలో మొదటి తరగతిలో కృతార్థమగును. పెన్సిలు పరీక్షలో తప్పవచ్చును. వడపోత లేని రెండవ రకపు బల్బు సంగతి తలక్రిందులు. “అంతరాయము లేని దీపము” అని మాత్రమే వెదకువాడు తెలియకయే పిల్లవాని చదువుబల్లపైకి మినుకును తెచ్చుకొనుచున్నాడు.

“విద్యుదయస్కాంత క్షేత్రము లేని బల్బు” అని అధిక ధరకు అమ్ముట వేరొక చోద్యము. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రమునకు అంతర్జాతీయ సంఘము 2010లో ప్రజలకు సూచించిన హద్దు 200 మైక్రోటెస్లాలు. బల్లదీపము నుండి చదువరికి చేరునది దానిలో అత్యల్ప భాగము. ఆ డబ్బును మంచి పలకకు వెచ్చించుట మేలు.

రంగు విషయములో పెట్టె నిజమే చెప్పును, కొనువాడే చదువడు. 6500 కెల్విన్ల తెలుపులో నీలము హెచ్చు. 480 నానోమీటర్ల దగ్గరి నీలమునకు మేల్కొను కణములు రెటీనాలో ఉన్నవి. అవి రాత్రివేళ నిద్రకు తోడ్పడు మెలటోనిన్‌ను అణచివేయును. పడకగదికి 2700 లేక 3000 కెల్విన్లు చాలును. రంగుతోపాటు వెలుగు మోతాదును కూడ చూడవలెను.

2021 సెప్టెంబరు నుండి ఐరోపా సమాఖ్య మినుకునకు చట్టపు హద్దు విధించినది. మనదేశములో నక్షత్రముల గుర్తు ఒక వాటుకు వచ్చు ల్యూమెన్లను బట్టి ఇయ్యబడుచున్నది. ఆ గుర్తు ప్రక్కన మినుకును తెలుపు ఒక అంకెకు చోటు లేకపోలేదు. అంతవరకు, పాఠశాలకు డజను దీపములు కొనునపుడు ముందుగా ఒక్కటి తెచ్చి, ఒక పెన్సిలు, ఒక పాత రేడియోతో తరగతిలోనే పరీక్షించి, తక్కిన పదకొండింటి మాట తరువాత చూడవచ్చును.