లూప్‌లో పడిన వార్త

2009 డిసెంబర్ 25. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం చెప్పి పదహారు రోజులైంది, ఆ మాటను వెనక్కి లాగి రెండు రోజులైంది. రాష్ట్రమంతా రాజీనామాలు, బంద్‌లు, లాఠీచార్జీలు. ఆ రోజు ఏబీఎన్ ఆంధ్రజ్యోతి తెర మీదికి హఠాత్తుగా రాజ్‌భవన్ వచ్చింది. గవర్నర్ నారాయణ్ దత్ తివారీవని చెబుతున్న పడకగది దృశ్యాలు. ఛానల్ పుట్టి అప్పటికి కొద్ది నెలలే. కల్పితమని రాజ్‌భవన్ ఖండించింది. హైకోర్టు జోక్యం చేసుకుని ప్రసారం ఆపమంది. మర్నాడు ఆరోగ్యం బాగోలేదంటూ తివారీ రాజీనామా చేశారు. కుర్చీ ఖాళీ అయింది, సంచలనం నెగ్గింది.

ఆ కథనంలో దృశ్యాలతో పాటు ఒక ఆరోపణ కూడా ఉంది. మైనింగ్ లీజు ఇప్పిస్తామన్న హామీ మీద ఆడవాళ్లను పంపించారని, ఆ హామీ నెరవేరలేదని. ఓబులాపురం గనుల మీద సీబీఐ కేసు పెట్టింది కూడా ఆ డిసెంబర్‌లోనే. అలాంటి సమయంలో రాజ్‌భవన్ పేరు చెప్పి గని బేరం నడిచిందంటే అది మామూలు వార్త కాదు. ఎక్కడి గని? ఎవరు హామీ ఇచ్చారు? ఏ అధికారంతో ఇచ్చారు? ఫైలు ఏమైనా కదిలిందా? వారం రోజులు తవ్వాల్సిన ప్రశ్నలివి. ఆ రోజులు గుర్తున్న ఎవరినైనా ఇవాళ అడిగి చూడండి. మంచం గుర్తుంటుంది. గని గుర్తుండదు.

టీవీ వార్తల్లో శృంగారం మీద ఈ కాలమిస్టు అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. ఇంట్లో పిల్లలున్నారు, పెద్దలున్నారు అనే మాట సరైనదే, కానీ చాలదు. దృశ్యం వార్తను తినేస్తుంది. జనం చూడటానికి వచ్చింది దాని కోసమేనని డెస్క్ ఒకసారి నమ్మిందంటే, మిగతా సమాచారం సేకరించే పనే ఆగిపోతుంది. జనానికి కావలసిందే ఇస్తున్నామని ఛానళ్లు ఎప్పుడూ చెప్పే మాట. తమకేం కావాలో జనం చెప్పకముందే వాళ్ల కోసం తయారైపోయే సరుకు ఇది. తయారీ ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

అర్ధరాత్రి స్ట్రింగర్ వాట్సాప్‌లో పంపిన క్లిప్ తొమ్మిది సెకన్లు అనుకుందాం. జూబ్లీహిల్స్ రోడ్డు మీద డ్రంకెన్ డ్రైవ్ తనిఖీ, బ్రీత్ ఎనలైజర్ ముందు ఒక అమ్మాయి, చేత్తో మొహం కప్పుకుంటూ కారు వైపు తిరుగుతుంది. అంతే. దాంతో మూడు నిమిషాల ప్యాకేజీ కట్టాలి. ఎడిటర్ ముందు స్పీడ్ తగ్గిస్తాడు, తొమ్మిది సెకన్లు ఇరవై అవుతాయి. జూమ్ చేసి మళ్లీ ఒకసారి, బ్లాక్ అండ్ వైట్‌లో ఇంకోసారి. కాళ్ల దగ్గర్నుంచి మొహం దాకా కెమెరా పాకిన ముక్కను విడిగా కోసి, వాయిస్ ఓవర్‌లో ఖాళీ వచ్చిన ప్రతిచోటా అతికిస్తాడు. ఎర్ర సర్కిల్, ఒక బాణం గుర్తు, వెనక హారర్ సినిమా మ్యూజిక్. తర్వాత మొహానికి మొజాయిక్. దాని గడులు ఎంత సైజులో ఉండాలో ఎడిటరే నిర్ణయిస్తాడు. పెద్ద గడులు పెడితే మనిషి ఎవరో తెలియదు. చిన్నవి పెడితే తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు, తెలియనివాళ్లకు ఇంకాస్త చూడాలనిపిస్తుంది. తెర మీద ఎక్కువగా కనిపించేవి చిన్న గడులే. మొహం దాటి ఒంటి మీదికి మొజాయిక్ రాదు. చివరగా ప్లేట్: ‘మద్యం మత్తులో యువతి హల్‌చల్?’ ఆ ప్రశ్న గుర్తు ఉంటే ఆరోపణ చేసినట్టు కాదని డెస్క్ ధైర్యం. ఆ రాత్రి అదే చెక్‌పాయింట్‌లో దొరికిన మగవాళ్లు ఎందరో రిపోర్టర్ చివరి వాక్యంలో చెబుతాడు, అప్పటికీ తెర మీద నడుస్తున్నది అమ్మాయి విజువలే.

మొజాయిక్ తప్పనిసరిగా పడాల్సిన చోట మాత్రం పడదు. అత్యాచార బాధితురాలి పేరు, ఫొటో, ఆమెను గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది. చనిపోయినా ఆ రక్షణ పోదని సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లో స్పష్టం చేసింది. ఏడాది తిరక్కుండానే, 2019 నవంబర్‌లో, శంషాబాద్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టర్ మీద హత్యాచారం జరిగింది. రోజుల తరబడి ఆమె పేరు, ఫొటోలు తెర నిండా నడిచాయి. ఆమెను ‘దిశ’ అని పిలవాలని పోలీసులు కోరాక గానీ ఛానళ్లు తగ్గలేదు. అప్పటికే ఆ పేరు తెలియని ఇల్లు లేదు. తొమ్మిది సెకన్ల క్లిప్‌కి ఎర్ర సర్కిల్ పెట్టడానికి తీరిక ఉన్న డెస్క్‌కి, ఒక ఫొటో తీసెయ్యడానికి తీరిక లేకపోయిందంటే నమ్మడం కష్టం.

అసలు సంఘటనే జరక్కపోయినా ఈ తయారీ ఆగదు. ఢిల్లీలో 2007 ఆగస్టులో లైవ్ ఇండియా అనే హిందీ ఛానల్ ఒక స్టింగ్ ఆపరేషన్ వేసింది. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పే టీచర్ తన విద్యార్థినులను వ్యభిచారంలోకి దింపుతోందని. ప్రసారం కాగానే జనం బడి మీద పడ్డారు. ఆ టీచర్‌ని బయటికి లాగి కొట్టారు, బట్టలు చించారు. ఆ దృశ్యాలూ టీవీలో వచ్చాయి. ఆమెను అరెస్టు చేశారు, ఉద్యోగం నుంచి తీసేశారు. తర్వాత పోలీసులు తేల్చిన నిజం ఏమిటంటే, స్టింగ్‌లో విద్యార్థినిగా చూపించిన అమ్మాయి ఆ బడి పిల్లే కాదు, జర్నలిస్టు కావాలని తిరుగుతున్న యువతి. ఢిల్లీ హైకోర్టు తనంత తానుగా కేసు చేపట్టింది, కేంద్రం ఆ ఛానల్‌ని నెల రోజులు ఆపేసింది. లెక్కల టీచర్ అనే మాట పక్కన ‘సెక్స్ రాకెట్’ అనే మాట చేరగానే ఆధారాలు అడిగే అలవాటు న్యూస్‌రూమ్‌లో ఎవరికీ గుర్తు రాలేదు. దొంగతనం ఆరోపణ అయ్యుంటే, ఫీజు డబ్బు గోల్‌మాల్ అయ్యుంటే, ఎవరో ఒకరు కాగితం చూపించమని అడిగేవాళ్లు.

ఇక 2018 ఫిబ్రవరి. శివకాశిలో పుట్టి, పసితనం నుంచీ తెలుగు తెర మీద పెరిగిన శ్రీదేవి ఆ నెల 24న దుబాయ్ హోటల్‌లో చనిపోయింది. వయసు యాభై నాలుగు. మొదట గుండె ఆగిందన్నారు, 26న ఫోరెన్సిక్ నివేదిక టబ్‌లో ప్రమాదవశాత్తూ మునిగిందని చెప్పింది, మర్నాడు దుబాయ్ ప్రాసిక్యూషన్ కేసు మూసేసింది. మధ్యలో ఉన్న ఆ కొద్ది రోజులు ఛానళ్లకు దొరికాయి. స్టూడియోల్లో గ్రాఫిక్స్ టబ్బులు కట్టారు. ఒక తెలుగు రిపోర్టరైతే ఏకంగా నిజం టబ్‌లోకి దిగి పడుకుని, మనిషి ఎలా మునుగుతాడో చూపించాడు. తాగిందా, అందం కోసం ఎన్ని సర్జరీలు చేయించుకుంది, భర్త అప్పుడే ఎందుకు వచ్చాడు అని చర్చలు. ‘పదహారేళ్ల వయసు’, ‘క్షణక్షణం’ పాటల క్లిప్పులు పక్క విండోలో నడుస్తూనే ఉన్నాయి. అవి నివాళిగా వేసినవి కావు. ఆ దేహం ఎలా ఉండేదో గుర్తు చేసి, అదే దేహం టబ్‌లో ఎలా పడి ఉందో ఊహించుకోమని వేసినవి. చావును కూడా అలా చూపించగలగడం చేతగానితనం వల్ల జరిగేది కాదు. చేతిపని బాగా తెలిసినవాళ్లే చేయగలరు, బాధ కలిగించేది అదే.

అందం గురించి ఒక మాట. వార్తలు చదివే మనిషి అందంగా ఉండకూడదని ఎవరూ అనరు. దూరదర్శన్‌లో సల్మా సుల్తాన్ చెవి వెనక గులాబీని దేశమంతా చూసింది, అనుకరించింది. 1984 అక్టోబర్ 31 సాయంత్రం ఇందిరాగాంధీ హత్య వార్తను దేశానికి చదివి వినిపించింది ఆవిడే. గులాబీ వార్తకు అడ్డం రాలేదు. మన దగ్గర 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్ 2024 ఏప్రిల్‌లో కన్నుమూసినప్పుడు, ఆ తరం వాళ్లందరూ తల్చుకున్నది ఆయన గొంతును, ఉచ్చారణను. టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో కాగితం చూసి చదువుతూ, చూడనట్టే మాట్లాడిన నేర్పును.

అందాన్ని సరుకుగా మార్చినప్పుడు ఏం జరుగుతుందో అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ పరిశోధకులు మరియా ఎలిజబెత్ గ్రేబ్, లెలియా శాంసన్ ప్రయోగం చేసి చూశారు. 2011లో వచ్చిన అధ్యయనం అది. ఒకే యాంకర్, అవే వార్తలు. ఒకసారి ఒంటికి అతుక్కునే జాకెట్, స్కర్టు, నెక్లెస్, ఎర్ర లిప్‌స్టిక్. ఇంకోసారి వదులైన ముదురు రంగు దుస్తులు, నగా లేదు, లిప్‌స్టిక్కూ లేదు. మొదటి తరహాలో చూసిన మగవాళ్లకు వార్తలు తక్కువ గుర్తున్నాయి. యుద్ధం, రాజకీయాలు చెప్పడానికి ఈమె తగదని కూడా వాళ్లే అన్నారు. అంటే కెమెరా కోసం ఆమెను అలా తయారు చేసిందీ, ఆ తయారీ చూసి ఆమె ప్రతిభను తక్కువ చేసిందీ ఒకే వ్యవస్థ. ఆస్ట్రేలియాలో కార్ల్ స్టెఫనోవిక్ అనే యాంకర్ దాదాపు ఏడాది పాటు రోజూ ఒకే నీలం సూటు వేసుకుని షో చేశాడు. ప్రేక్షకులెవరూ పట్టించుకోలేదు. పక్కన కూర్చునే మహిళా యాంకర్ బట్టల మీద మాత్రం ఉత్తరాలు వస్తూనే ఉండేవి, ఆ తేడా చూపించడానికే అలా చేశానని 2014లో బయటపెట్టాడు. మన ఛానళ్లలో యాంకర్ల మీద యూట్యూబ్ కింద వచ్చే మాటలు చదివినవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు.

నిందంతా రేటింగ్స్ మీద నెట్టడం సులువు. నిజమే, రేటింగ్స్ ఇచ్చే బార్క్ సంస్థ లెక్కలు 2020 నాటికి దేశమంతా కలిపి నలభై నాలుగు వేల ఇళ్లలో పెట్టిన మీటర్ల మీద ఆధారపడేవి. గురువారం రేటింగ్ వచ్చేసరికి న్యూస్‌రూమ్‌లో మొహాలు మారిపోయేవి. కానీ టీఆర్పీ కుంభకోణం బయటపడ్డాక 2020 అక్టోబర్ నుంచి 2022 మార్చి దాకా వార్తా ఛానళ్లకు రేటింగ్సే ఇవ్వలేదు. ఆ పదిహేడు నెలల్లో తెర మీద మార్పు ఏమైనా కనిపించిందా? లూప్ అలాగే తిరిగింది, ప్లేట్ చివర ప్రశ్న గుర్తు అలాగే ఉంది. కొలిచేవాడు లేకపోయినా చేయి అదే పని చేస్తూ పోయిందంటే, అది వ్యాపార ఒత్తిడిని దాటి అలవాటైపోయిందని అర్థం. ఇవాళ ఇరవై రెండేళ్ల కుర్రాడు డెస్క్‌లో చేరితే మొదటి వారం నేర్చుకునే పని థంబ్‌నెయిల్‌లో ఏ ఫ్రేమ్ పెట్టాలన్నదే.

నియమాలు లేక కాదు. కేబుల్ టీవీ నిబంధనల్లో స్త్రీ రూపాన్ని, దేహాన్ని కించపరిచేలా చూపకూడదని స్పష్టంగానే ఉంది. వార్తా ఛానళ్ల సంఘం తనకు తానే పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థ వేయగల గరిష్ఠ జరిమానా 2023 నాటికి లక్ష రూపాయలు. 2008 నాటి ఆ మొత్తం ఏం భయపెడుతుందని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో నిలదీసింది. సంఘంలో సభ్యత్వం లేని ఛానల్‌కి ఆ లక్ష భయం కూడా లేదు.

వీటన్నిటికంటే పెద్ద నష్టం ఫిల్మ్ ఛాంబర్ దగ్గర జరిగింది. 2018 ఏప్రిల్ 7న నటి శ్రీరెడ్డి ఛాంబర్ ముందు అర్ధనగ్నంగా కూర్చుని నిరసన తెలిపింది. ఆమె పద్ధతిని ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఆమె చెబుతున్నది అవకాశాల పేరుతో ఆడవాళ్లను వాడుకోవడం గురించి, తెలుగు అమ్మాయిలకు దక్కని వేషాల గురించి. ఛానళ్లు రోజంతా ఆ కొన్ని నిమిషాల దృశ్యాన్నే తిప్పాయి, మొజాయిక్ వేసి. ఆ తర్వాత వారాల తరబడి స్టూడియోల్లో ఆమె నోటి నుంచి ఏ హీరో పేరు వస్తుందా అని ఎదురుచూశారు. ఆ నెలలోనే జూనియర్ ఆర్టిస్టులు, క్యారెక్టర్ ఆర్టిస్టులు ముందుకొచ్చి కోఆర్డినేటర్ల గురించి, రాత్రి షూటింగుల గురించి చెప్పుకున్నారు. వాళ్లలో చాలామంది నడివయసు ఆడవాళ్లు, చీర కొంగు నిండుగా కప్పుకున్నవాళ్లు. వాళ్ల మాటలు లూప్‌లోకి ఎక్కలేదు.

మహిళా సంఘాలు వదల్లేదు. సినిమా రంగంలో ఆడవాళ్ల పరిస్థితి మీద 2019లో తెలంగాణ ప్రభుత్వం ఒక ఉపసంఘం వేసింది, అది 2022లో నివేదిక ఇచ్చింది. కేరళలో ఇదే విషయం మీద హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టు 19న బయటికొచ్చి మలయాళ సినిమా రంగాన్ని కుదిపేశాక, మన నివేదికను కూడా బయటపెట్టండని నటి సమంత బహిరంగంగా కోరింది. అప్పటికి రెండేళ్లుగా అది ప్రభుత్వం దగ్గరే ఉంది. ఎంతమంది ఆడవాళ్లు ఉపసంఘం ముందు మాట్లాడారు, కోఆర్డినేటర్ల కమీషన్ ఎంత, ఎన్ని నిర్మాణ సంస్థల్లో ఫిర్యాదుల కమిటీ ఉంది, అవుట్‌డోర్‌లో బట్టలు మార్చుకోవడానికి గది ఉందా, రాత్రి రెండింటికి ప్యాకప్ అయితే ఇంటికి ఎవరు దింపుతారు: ఇవన్నీ తెలుసుకోవలసినవే. ఆ నివేదికకు విజువల్స్ లేవు, కాగితాలే ఉన్నాయి. వాటి వెంట సచివాలయం చుట్టూ తిరిగే రిపోర్టర్‌ని, అతనికి వారం రోజులు టైమిచ్చే ఇన్‌పుట్ ఎడిటర్‌ని ఏ ఛానల్ అయినా పెట్టుకోవచ్చు. ఫిల్మ్ ఛాంబర్ ముందు ఆ రోజు నిలబడిన కెమెరాల్లో ఒక్కటి చాలు.