విశ్రాంతియా, సడలింపా? - అస్ఫటిక పాలిమర్ల రోధక పరిశీలనలో ఒక పారిభాషిక పదం

పారిభాషిక పదాన్ని విమర్శించేటప్పుడు దాని వ్యుత్పత్తి సరిపోయిందా అని చూస్తే చాలదు. ప్రయోగశాలలో జరిగేదాన్ని ఆ పదం చూపుతోందా, కప్పిపుచ్చుతోందా అన్నది తేలాలి. ‘రిలాక్సేషన్’కు తెలుగులో వినిపించే ‘విశ్రాంతి’, ‘సడలింపు’ అనే మాటలను ఇలా తూచడానికి అస్ఫటిక పాలిమర్ల రోధక పరిశీలన తగిన సందర్భం.

పాలీవినైల్ అసిటేట్ వంటి పాలిమర్ పలుచని పొరను రెండు లోహపు పలకల నడుమ ఉంచి విద్యుత్ క్షేత్రాన్ని ప్రయోగిస్తారు. గొలుసుల్లోని ద్విధ్రువాలు కొంతమేర క్షేత్రం దిశకు మొగ్గుతాయి. పదార్థంలో ధ్రువణం ఏర్పడుతుంది. క్షేత్రాన్ని తొలగించినా ఆ మొగ్గు వెంటనే పోదు. అది చెదరడానికి పట్టే వ్యవధే రిలాక్సేషన్ కాలం. ఏకాంతర క్షేత్రంలో పౌనఃపున్యాన్ని మారుస్తూ పోతే, ద్విధ్రువాలు క్షేత్రంతో అడుగు కలపలేక వెనుకబడేచోట శక్తినష్టం శిఖరంగా కనిపిస్తుంది. ఆ శిఖరస్థానమే కాలాన్ని చెబుతుంది.

దీన్ని ‘విశ్రాంతి కాలం’ అంటే అణువులు అలసి ఆగినట్టు విద్యార్థి ఊహిస్తాడు. జరిగేది అందుకు విరుద్ధం. ఉష్ణచలనం ఆగదు గనుకనే మొగ్గు చెదురుతుంది. అణువులు నిజంగా విశ్రమిస్తే ధ్రువణం అలాగే నిలిచిపోవాలి. క్షేత్రంలో ఉంచి గాజుస్థితికి చల్లార్చిన పాలిమర్‌లో దాదాపు ఇదే జరుగుతుంది: అది ధ్రువణాన్ని బిగబట్టుకుని, తిరిగి వేడిచేసినప్పుడు చిన్నపాటి విద్యుత్ప్రవాహంగా వదులుతుంది. గాజు పరివర్తన ఉష్ణోగ్రత దగ్గర ప్రధాన రిలాక్సేషన్ కాలం సుమారు 100 సెకండ్లు. ఇంకా చల్లారిస్తే అది విపరీతంగా పెరుగుతుంది. చలనం తగ్గింది కాబట్టి ‘విశ్రాంతి’ పెరిగిందని విద్యార్థి సరిపెట్టుకుంటాడు. తప్పు ఊహకు కూడా లెక్క సరిపోవడమే ఈ పదంలోని అసలు ప్రమాదం.

‘సడలింపు’ నయం. ముడి సడలుతుంది, పట్టు సడలుతుంది. లాగి పట్టిన రబ్బరులో ప్రతిబలం తగ్గడానికీ ఆ మాట ఒదుగుతుంది. బహువచనానికీ లొంగుతుంది. పాలీమిథైల్ మెథాక్రిలేట్‌లో గొలుసు వెన్నెముకకు చెందిన సడలింపు ఒకటి, పార్శ్వపు ఎస్టర్ సమూహానిది మరొకటి. రెండోది గాజు పరివర్తన ఉష్ణోగ్రత అయిన సుమారు 105 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన కూడా సాగుతుంది. వీటిని ‘విశ్రాంతులు’ అనడం ఎబ్బెట్టు. అయితే ‘అణు సడలింపు’ అన్న సమాసంలో సడలేది అణువే అన్న భ్రాంతి మిగులుతుంది. సడలేది ధ్రువణం, ‘ధ్రువణ సడలింపు’ అనడమే ఉచితం.

(‘రోధకం’ కూడా నిర్దోషి కాదు. ‘డైఎలెక్ట్రిక్’లోని గ్రీకు ఉపసర్గకు ‘గుండా’ అని అర్థం. తెలుగు మాట అడ్డుకోవడాన్ని మాత్రమే చెబుతుంది.)

‘కాలం’ అన్న ఏకవచనాన్నీ ప్రశ్నించాలి. డిబై నమూనాలో కాలం ఒక్కటే. అస్ఫటిక పాలిమర్ల నష్టశిఖరం అంతకంటే వెడల్పు. లేడెన్ జాడీలోని అవశేష ఆవేశం క్షీణించే తీరుకు కోల్‌రౌష్ 1854లో వాడిన సాగదీసిన ఘాతీయ ప్రమేయాన్ని 1970లో విలియమ్స్, వాట్స్ రోధక సడలింపుకు అన్వయించింది ఇందుకే. పాఠ్యగ్రంథంలో ‘సడలింపు కాలాల వ్యాప్తి’ అని రాస్తే విద్యార్థి ఆ వెడల్పును వెదుకుతాడు. ‘విశ్రాంతి కాలం’ అని రాస్తే ఒక్క అంకెతో ఆగిపోతాడు.