అయస్కాంతానికి సెలవుండదు

పాడి ఉన్న ఇంటివాళ్లు తలుపుకు తాళం పెట్టి పదిరోజులు ఊరెళ్లలేరు. ఎన్‌ఎంఆర్ (అణుకేంద్రక అయస్కాంత అనునాదం) కేంద్రంలో రీసెర్చ్ ఇంజనీరుగా చేరాక నాకు ముందుగా ఒంటబట్టింది ఇదే. మా 600 మెగాహెర్ట్జ్ యంత్రంలో అయస్కాంత క్షేత్రం 14.1 టెస్లాలు, అంటే భూమి క్షేత్రానికి రెండు లక్షల రెట్లు పైమాటే. తీగచుట్టలోకి ఒకసారి కరెంటు ఎక్కిస్తే, బయటి సరఫరా లేకుండానే ఏళ్ల తరబడి అందులో తిరుగుతూ ఉంటుంది. షరతు ఒక్కటే: చుట్ట మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉండాలి. ఆ హీలియం త్వరగా ఆవిరైపోకుండా దాని చుట్టూ ద్రవ నత్రజని కాపలా. నత్రజని వారం వారం పోయాలి, హీలియం కొన్ని నెలలకోసారి. సంక్రాంతి అయినా సరే, మట్టం చూడక తప్పదు. మట్టం బాగా పడిపోయి చుట్ట వేడెక్కిందా, హీలియం ఒక్కసారిగా వాయువై ఏడువందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. దాన్నే క్వెంచ్ అంటాం. గదిలో ఆక్సిజన్ తగ్గిపోయే ప్రమాదం ఉంది కాబట్టి కొత్తవాళ్లకు మొదటి పాఠం: అలారం మోగితే యంత్రాన్ని వదిలేసి బయటికి నడవండి.

అయితే ఈ ఉద్యోగం సారమంతా నత్రజని, హీలియం పోయడంలోనే లేదు. పీహెచ్‌డీ కుర్రాడు 5 మిల్లీమీటర్ల ట్యూబులో శాంపిల్ తెస్తాడు. స్పెక్ట్రం రాగానే మొహం వెలిగిపోతుంది. "సార్, రెండు ప్రోటాన్లు ఎక్కువొచ్చాయి. కొత్త కాంపౌండేమో!" చూస్తే పీక్ 1.56 పీపీఎం దగ్గర. "డ్యూటరేటెడ్ క్లోరోఫాంలో నీళ్లు బాబూ అవి." 2.17 దగ్గరుంటే ట్యూబు కడిగిన అసిటోన్. పీకులు వెడల్పుగా వస్తే ట్యూబును వెలుగుకు పెట్టి చూస్తాను. కరగని నలుసులుంటే వాటి చుట్టూ క్షేత్రం చెదురుతుంది, ఎంత షిమ్మింగ్ చేసినా, అంటే క్షేత్రాన్ని ఎంత సమం చేసినా, దారికి రాదు. దూదిలో వడగట్టి తెమ్మంటాను. సెకనుకు 60 కోట్ల కంపనాల్లో ఒక్కదాని తేడా పట్టే యంత్రానికి నలుసు చిన్న విషయం కాదు.

1946లో అమెరికాలో బ్లాక్, పర్సెల్ బృందాలు వేర్వేరుగా ఈ అనునాదాన్ని పట్టుకున్నట్టు ప్రకటించాయి. 1951 నాటికే బెంగళూరు ఐఐఎస్‌సీలో సూర్యన్ ప్రవహించే ద్రవాల మీద దాన్ని పరీక్షించి ప్రచురించారు. ఆ తరంలో ప్రయోగం చేసేవాళ్లే చాలావరకు పరికరమూ కట్టుకునేవాళ్లు. అది ఎక్కడ తప్పు చెబుతుందో వాళ్లకు తెలుసు. ఇప్పుడు యంత్రం పెట్టెలో బిగించుకుని వస్తుంది. తెరమీద గీత ముచ్చటగా పడుతుంది, చూడగానే నమ్మబుద్ధేస్తుంది. నమ్మేముందు ఒకసారి అనుమానించే మనిషి దగ్గరుండాలి. మా జీతం ఆ అనుమానానికే.

కోట్లు పెట్టి యంత్రం కొనే ప్రతిపాదనలో హీలియానికి ఒక పద్దు రాసినట్టే, దాన్ని చూసుకునే మనిషికి శాశ్వత ఉద్యోగమూ అదే కాగితం మీద రాయాలి. రెండేళ్ల కాంట్రాక్టు మీద వచ్చినవాడు ఆ యంత్రానికి ఏది మామూలో ఏది తేడానో ఆనవాలు పట్టేసరికి, వాడి గడువు తీరిపోతుంది.