మెదడు వయసు

పోయిన ఆదివారం మా మనవరాలు నా ఫోన్‌లో మెదడుకు పదును పెట్టే ఆటొకటి వేసిచ్చింది. రంగు బిళ్లలు ఎక్కడెక్కడ కనబడ్డాయో గుర్తుపెట్టుకొని నొక్కాలి. పది నిమిషాల తర్వాత నా మెదడు వయసు ఎనభై మూడని తేల్చింది. నాకింకా డెబ్బై నిండలేదు. "రోజూ ఆడు తాతా, తగ్గుతది" అని ఓదార్చింది పిల్ల.

ఒళ్లు మండింది. మతిమరుపును ఆపుతామన్న ప్రకటనలకు తగిన ఆధారం లేదని 2016లో అమెరికాలో ఇలాంటి ఆటలే అమ్మే లుమోసిటీ కంపెనీ చేత 20 లక్షల డాలర్లు కట్టించారు. ఇక నా పాత పాట ఎత్తుకోబోయాను. ఈ కాలమ్ చదివేవాళ్లకది కంఠతా వచ్చు: తిరుపతి వేంకటకవులకు పట్టం కట్టిన గద్వాల, వనపర్తి సంస్థానాల గడ్డ మనది, ఎనిమిదిమంది పృచ్ఛకులను ఒక్క తలలో మోసే అవధానం ఉండగా మనకు రంగు బిళ్లలెందుకు?

అంతలో అవ్వ గుర్తొచ్చింది. గద్వాలలో మాది మగ్గం ఇల్లు. అవ్వకు అక్షరం ముక్క రాదు. ఇంట్లో తెలుగు, రాయచూరు నుంచి చీరలకొచ్చినవాళ్లతో కన్నడం, సావుకారుతో ఉర్దూ. బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగేది. నూలు చీరకు పట్టంచు పడుతుంటే పక్కన కూర్చొని, ఎవరి బాకీ ఎంతో తొంభై ఏళ్లప్పుడూ నోటితోనే చెప్పేది. అవధానమన్న మాటే ఆమె వినలేదు.

హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి చెప్పింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. మూడో భాషతో అదనపు లాభం కనబడలేదు, కాబట్టి అవ్వ ఉర్దూ సావుకారుకే లాభం! కారణం భాషేనని ఒక్క పరిశీలనతో ఒట్టేయలేం, అది వేరు.

కానీ నా పాత పాట మాత్రం అక్కడే ఆగింది. బిళ్లలాట ఆడితే బిళ్లలాట వస్తుంది, అవధానం చేస్తే అవధానం వస్తుంది. నేను చూసిన ఒక అవధాని సభను గెలిచి, బయటికొచ్చి చెప్పులెక్కడ విడిచాడో అరగంట వెతుక్కున్నాడు. అవ్వ సాధన వేరే. పొద్దస్తమానం మనుషులతో మాట. మాట్లాడాలంటే ముందు వినబడాలి. డిమెన్షియా ముప్పు పెంచేవాటిలో మనం సరిచేసుకోగలిగినవి 14 ఉన్నాయని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్క చెప్పింది. వినికిడి తగ్గడం వాటిలో ఒకటి.

నా చెవి మిషను కొని రెండేళ్లయింది. ఇంకా డబ్బాలోనే ఉంది.