భూకంపం – శకునమా, ఫలమా? : బృహత్సంహిత పాఠం, నేటి గ్రహస్థితి వాదాలు

వ్యాససంగ్రహం:
అమావాస్య, పౌర్ణమి, గ్రహణాలు, గ్రహకూటములు భూకంపాలకు కారణమని చెప్పేవారు తరచుగా వరాహమిహిరుని బృహత్సంహితను ప్రమాణంగా చూపుతారు. ఆ గ్రంథంలోని భూకంపలక్షణాధ్యాయం ఈ వాదానికి ఆధారం కాజాలదని, అక్కడ భూకంపం రాబోయే ఫలాన్ని తెలిపే శకునమే గాని గ్రహస్థితికి ఫలం కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తిథుల లెక్కలలోని పొరపాటును, చంద్రుని ప్రభావాన్ని భూకంపశాస్త్రం ఎంతమేరకు అంగీకరించిందన్న విషయాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బృహత్సంహిత, భూకంపలక్షణం, ఉత్పాతం, అష్టగ్రహకూటమి, ఆటుపోట్లు, ములుగు భూకంపం.

ఉపోద్ఘాతం:
2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాదులోనూ, ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాలలోనూ ఆ కదలిక తెలిసింది. ఆ రోజు ఎం.ఏ. తరగతిలో పాఠం మొదలుకాక మునుపే ఒక విద్యార్థిని లేచి, "మూడు రోజుల కిందనే అమావాస్య గదా సార్! వరాహమిహిరుడు ఇవన్నీ ముందే చెప్పిండంట, నిజమేనా?" అని అడిగింది. ఏదో వాట్సాప్ సందేశం చూసి అడుగుతున్నదనుకొన్నాను. ఎక్కడ చదివావంటే, ఆమె ఫోను తెరిచి నాకే నా వ్యాసం చూపించింది.

పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక సదస్సుకు సమర్పించిన పత్రమది. ప్రాచీన వాఙ్మయంలో ప్రకృతి పరిశీలన దాని విషయం. గ్రహస్థితిని బట్టి భూకంపాన్ని వారం ముందుగా గుర్తించే పద్ధతిని వరాహమిహిరుడు వివరించాడని అందులో ఒక వాక్యం ఉంది. మూలం చూడకుండా మరొక పత్రం నుంచి ఎత్తిరాసిన వాక్యమని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. ఈ వ్యాసానికి ఆ వాక్యమే కారణం.

బృహత్సంహితలో భూకంపం:
క్రీ.శ. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు 32వ అధ్యాయాన్ని భూకంపలక్షణానికి కేటాయించాడు. మొదట కారణాల గురించి పూర్వుల అభిప్రాయాలను వరుసగా చెబుతాడు. సముద్రంలోని మహాప్రాణుల కదలిక అని కొందరు, భూభారం మోసి అలసిన దిగ్గజాల నిట్టూర్పు అని కొందరు, గాలి గాలితో ఢీకొని నేలపై పడటమని కొందరు, ప్రజల ధర్మాధర్మాల వలన కలిగే అదృష్టమని మరికొందరు. ఈ నాలుగింటిలో గ్రహాల ప్రసక్తి లేదు. ఆ తరువాత రెక్కల పర్వతాల తాకిడికి తల్లడిల్లిన భూదేవి బ్రహ్మతో మొరపెట్టుకొన్న కథ వస్తుంది. ఇంద్రుడు ఆ రెక్కలు నరుకుతాడని, అయితే వాయువు, అగ్ని, ఇంద్రుడు, వరుణుడు పగటి, రాత్రి నాలుగు భాగాలలో భూమిని కంపింపజేస్తారని బ్రహ్మ చెబుతాడు. ఎందుకంటే, శుభాశుభ ఫలాలను లోకానికి తెలియజేయడానికట. కంపం దేనివల్ల వచ్చిందన్న ప్రశ్న ఇక్కడ పక్కకు తప్పుకొని, అది దేనిని సూచిస్తున్నదన్న ప్రశ్న ముందుకు వచ్చింది. అధ్యాయంలో మిగిలిన భాగమంతా ఈ రెండవ ప్రశ్నకే సమాధానం.

నక్షత్రాల ప్రస్తావన ఇక్కడే మొదలవుతుంది. అభిజిత్తుతో కలిపి ఇరవై ఎనిమిది నక్షత్రాలను ఏడేసి చొప్పున వాయవ్య, ఆగ్నేయ, ఐంద్ర, వారుణ మండలాలుగా విభజించాడు. మనవారు ఈ పట్టికను చూపి, ఏ నక్షత్రంలో భూకంపం వస్తుందో వరాహమిహిరుడు చెప్పాడంటారు. పట్టికను ఒకసారి లెక్కపెట్టి చూస్తే చాలు. ఇరవై ఎనిమిదీ అందులో ఉన్నాయి. ఏ రోజునూ మినహాయించని పట్టిక ఏ రోజునూ ముందుగా సూచించలేదు. భూమి కంపించిన తరువాత ఆ కంపాన్ని ఏ వర్గంలో చేర్చాలో, దానిని బట్టి ఏ ఫలం చెప్పాలో నిర్ణయించడానికే అది పనికివస్తుంది.

ములుగు కంపాన్నే తీసుకొందాం. ఆ ఉదయం పూర్వాషాఢ నక్షత్రం. నక్షత్రాన్ని బట్టి అది వారుణమండలం. ఉదయవేళను బట్టి చూస్తే వాయువు వంతు. వేళ చెప్పే దేవత ఒకరు, నక్షత్రం చెప్పే దేవత మరొకరు అన్నమాట. వారుణమండల ఫలం సముద్రాన్ని, నదులను ఆశ్రయించి బ్రతికేవారికి కీడు, అతివృష్టి, వైరాలు తొలగడం. నశించే జనపదాలలో గోనర్ద, చేది, కుకుర, కిరాత, విదేహాలున్నాయి. కంపించిన నేల గోదావరి లోయలోది. ఫలం పడేది విదేహ మీద! భూకంపాన్ని శకునంగా చదివే శాస్త్రంలో ఇందులో వింత ఏమీ లేదు. బల్లి ఎక్కడ పలికినా ఫలం విన్నవానికే గదా.

నేను రాసిన 'వారం ముందు' అన్న మాటకు మూలం కూడా ఈ అధ్యాయంలోనే దొరికింది. ఒక్కొక్క మండలానికి ఏడు రోజులలో కనిపించే లక్షణాలను వరాహమిహిరుడు చెప్పాడు. వాయవ్యానికి దిక్కులు పొగ కమ్మడం, దుమ్ము రేపుతూ చెట్లు విరిచే గాలి, కాంతి తగ్గిన సూర్యుడు. ఇవన్నీ ఆకాశవాయువుల లక్షణాలు, వీటిలో గ్రహస్థితి లేదు. ముందస్తు సూచన అనే ఊహ ఆ గ్రంథంలో లేదనడం తప్పే అవుతుంది. కాని ఆ సూచనను గ్రహాలకు అంటగట్టినది మనమే.

రాహుచారాధ్యాయం ఇంకొక సాక్ష్యం. గ్రహణం విడిచిన వారంలోగా ధూళివాన కురిస్తే ఆహారనాశం, మంచు కమ్మితే రోగభయం, భూమి కంపిస్తే ప్రముఖుడైన రాజుకు మృత్యువు అని అక్కడ ఉంది. గ్రహణానికీ భూకంపానికీ ముడి కనిపించేది ఇక్కడే. అయినా గ్రహణం వల్ల భూమి కంపిస్తుందని ఆ శ్లోకం అనలేదు. ధూళి, మంచు, కంపం మూడూ ఒకే వరుసలో, రాబోయే ఆపదకు గుర్తులుగా నిలిచాయి.

తిథుల లెక్క:
గ్రంథప్రమాణం లేకపోయినంత మాత్రాన వాదం అబద్ధమైపోదు. అనుభవం ఏమంటున్నదో చూడాలి. మొదట పూర్వపక్షానికి అనుకూలమైన జాబితా చెబుతాను. 1905 ఏప్రిల్ 4 కాంగ్రా భూకంపం అమావాస్య నాడు. 1934 జనవరి 15 బీహారు భూకంపం అమావాస్య నాడు. 1967 మార్చి 27 ఒంగోలు భూకంపం పౌర్ణమి మరునాడు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి నేలమట్టమైనది వినాయక నిమజ్జనం ముగిసిన రాత్రి, పౌర్ణమి ముంగిట. 2004 డిసెంబరు 26 సుమత్రా భూకంపం, దాని వెంట మన కోస్తాను తాకిన సునామీ పౌర్ణమి నాడు. పంచాంగం తిరగేస్తూ ఈ తేదీలు రాసుకొంటున్నప్పుడు నాకూ కాసేపు అనుమానం కలిగింది. ఈ జాబితా విన్నవారిని తేలికగా నవ్వి తోసిపుచ్చడం న్యాయం కాదు.

అయితే 1967 డిసెంబరు 11 కొయనా భూకంపం దశమి ప్రాంతంలో వచ్చింది. 2015 ఏప్రిల్ 25 నేపాల్ భూకంపం నాటికి ఆకాశంలో అర్ధచంద్రుడు. 2011 మార్చి 11 జపాన్ భూకంపమూ అటువంటి రోజునే. విచిత్రమేమంటే, జపాన్ విపత్తుకు 'సూపర్ మూన్' కారణమని ఆ రోజులలో ప్రచారం జరిగింది. చంద్రుడు భూమికి అతి సమీపంగా వచ్చినది మార్చి 19న, అంటే ఎనిమిది రోజుల తరువాత. కారణం కార్యానికి వెనుక నడిచింది!

1969 ఏప్రిల్ 13 భద్రాచలం భూకంపం అమావాస్యకు మూడు రోజుల ముందు, ములుగు భూకంపం అమావాస్యకు మూడు రోజుల తరువాత. వీటిని ఎటు చేర్చాలి? 'అమావాస్య ప్రాంతం' అన్న మాటలోని 'ప్రాంతం' ఇక్కడ పనిచేస్తుంది. అటు మూడు, ఇటు మూడు రోజులు కలుపుకొంటే అమావాస్యకు ఏడు, పౌర్ణమికి ఏడు, మొత్తం పద్నాలుగు రోజులు. చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర రోజులే. అంటే ఏ సంబంధమూ లేకపోయినా సుమారు సగం భూకంపాలు ఈ వలలో పడతాయి. ప్రపంచంలో ఏటా 6, అంతకు మించిన తీవ్రతతో నూటికి పైగా భూకంపాలు వస్తాయి కనుక చేప పడని వారం చాలా అరుదు.

చంద్రుడు చేసే పని:
చంద్రుని ఆకర్షణ సముద్రాన్నే గాక నేలను కూడా కదిలిస్తుంది. కాళ్ల కింది గట్టినేల రోజుకు రెండుసార్లు కొన్ని అంగుళాల మేర ఉబ్బి తగ్గుతూ ఉంటుంది. ఈ ప్రభావం భూకంపాలపై ఉన్నదా అన్న ప్రశ్న పాతదే. పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రాన్స్‌కు చెందిన అలెక్సిస్ పెర్రే ఉన్నదన్నాడు; ఆర్థర్ షుస్టర్ 1897లో అటువంటి లెక్కలను పరీక్షించే గణితపద్ధతిని ఇచ్చాడు. 2004లో కాక్రన్, విడాలే, తనకాలు కొన్ని రకాల లోతు తక్కువ భ్రంశాలలో, ఆటుపోట్లు బలంగా ఉన్నచోట, ఈ సంబంధాన్ని చూపగలిగారు. 2016లో ఇదే, యాబే, తనకాల అధ్యయనం ఆటుపోట్ల ఒత్తిడి హెచ్చుగా ఉన్న రోజులలో చిన్న కంపం పెద్దదిగా పెరిగే అవకాశం కొద్దిగా ఎక్కువని చెప్పింది. పైన చెప్పిన జపాన్ భూకంపాన్ని వారు అనుకూల ఉదాహరణగానే లెక్కించారు. కారణం, వారు లెక్కించినది తిథిని కాదు, ఆ భ్రంశంపై ఆ సమయంలో పడిన ఒత్తిడిని. పంచాంగం చూసి ఆ ఒత్తిడి చెప్పలేము.

ఆ ఒత్తిడి కొన్ని కిలోపాస్కళ్లు మాత్రమే. భూకంపంలో విడుదలయ్యే ఒత్తిడి దానికి వందల, వేల రెట్లు. శతాబ్దాలుగా బిగిసిన భ్రంశం తెగడానికి సిద్ధంగా ఉంటే చంద్రుడు ఆఖరి గడ్డిపోచ కావచ్చు. ఆ సిద్ధత ఎప్పుడన్నది చంద్రుని చూసి తెలియదు. 8, అంతకు మించిన తీవ్రత గల భూకంపాలకు చంద్రకళలతో సంబంధముందా అని శీర్షికలోనే ప్రశ్నించిన సుసాన్ హఫ్ 2018 నాటి వ్యాసానికి సారాంశంగా ఒకే మాట రాసింది: లేదు. మన వ్యాససంగ్రహాలకు అంత ధైర్యం ఎప్పుడొస్తుందో!

ఇక మిగిలిన గ్రహాలు. శుక్రుడు భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా భూమిపై కలిగించే ఆటుపోటు చంద్రునిదానిలో సుమారు పందొమ్మిదివేలవ వంతు. గురుడిది లక్షన్నరవ వంతు కంటే తక్కువ. 1962 ఫిబ్రవరిలో మకరరాశిలో అష్టగ్రహకూటమి ఏర్పడినప్పుడు దేశమంతటా ప్రళయభీతి వ్యాపించి యజ్ఞాలు జరిగాయి; ప్రళయం రాలేదు. 1982 మార్చి 10 నాటి గ్రహస్థితికి కాలిఫోర్నియా కంపిస్తుందని 'ది జూపిటర్ ఎఫెక్ట్' గ్రంథకర్తలు 1974లో ఊహించారు, అదీ జరగలేదు. 2023 ఫిబ్రవరి 6 టర్కీ భూకంపానికి మూడు రోజుల ముందు ఫ్రాంక్ హూగర్‌బీట్స్ చేసిన ప్రకటన మాత్రం నిజమైందని లోకం నమ్మింది. ఆ వాక్యాన్ని సాహిత్య విద్యార్థిగా చదివితే అందులో తేదీ లేదు. ఇప్పుడో అప్పుడో వస్తుందని ఉంది. తూర్పు అనటోలియా భ్రంశం మీద ఆ మాట ఎవరు ఎప్పుడన్నా చెల్లుతుంది.

1934 వైపు మళ్లీ:
బీహారు భూకంపం అస్పృశ్యతా పాపానికి దైవం విధించిన శిక్ష అని గాంధీజీ అన్నారు. భౌతిక విపత్తులకు భౌతిక కారణాలే ఉంటాయని రవీంద్రుడు అభ్యంతరం తెలిపారు. ఆ అభ్యంతరాన్ని గాంధీజీ తన హరిజన్ పత్రికలోనే ప్రచురించి బదులిచ్చారు. వరాహమిహిరుడు పేర్కొన్న నాలుగవ పక్షం, ధర్మాధర్మాల వలన కలిగే అదృష్టం, గాంధీజీ మాటలో సంస్కరణోద్యమ రూపం ధరించింది. అక్కడ కూడా భూకంపం ఒక సందేశమే. నాటి జ్యోతిష్కులు మకరరాశిలో గుమిగూడిన గ్రహాలలో చూసినదానికంటే ఇదే బృహత్సంహితకు దగ్గర. రవీంద్రుని అభ్యంతరం ఈ రెంటికీ వర్తిస్తుంది.

మన ఉత్పాతవర్ణనలను చదవడానికి ఈ భేదం అవసరం. యుద్ధానికి ముందు భూమి కంపించిందని కవి రాసినప్పుడు అతడు భూగర్భాన్ని వర్ణించడం లేదు, రాజ్యం కదలబోతున్నదని చెబుతున్నాడు. దానిని 'ప్రాచీన భూకంపవిజ్ఞానం' అనే శీర్షిక కింద పెడితే కవిత్వమూ పోతుంది, విజ్ఞానమూ దక్కదు.

నా పాత పత్రంలోని వాక్యాన్ని మార్చి ఆ విద్యార్థినికి పంపాను. ఇప్పుడది ఇలా ఉంది: "వరాహమిహిరుడు భూకంపాన్ని ఉత్పాతంగా గ్రహించి, అది సంభవించిన వేళను, నక్షత్రాన్ని బట్టి రాజ్యాలకు కలిగే ఫలాలను వివరించాడు, కంపానికి ముందు వాతావరణంలో కనిపించే లక్షణాలను కూడా పేర్కొన్నాడు." ఆమె వెంటనే జవాబు పంపింది: "మరి మీ వ్యాసాన్ని చూసి రాసినవాళ్ల సంగతేంది సార్?"